రెండు బళ్లకో బండి

నాన్న బుల్లెట్, బాబాయి యెజ్డీ విజయవాడ నుంచి బెంగళూరు చేరాలి. ఎలా చేరాలన్నదే తండ్రీకొడుకుల మధ్య పేచీ. ఆ పేచీ వెనక 34 ఏళ్లుగా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది.

సంక్రాంతి వెళ్లిన మూడో రోజుకే పటమటలోని ఆ పాత డాబా ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లోకి చేరిపోయింది. 2025 ఫిబ్రవరి మొదటి వారంలో ఇల్లు బిల్డర్‌కు అప్పగించాలి. ఆ స్థలంలో ఐదంతస్తులు లేస్తాయి. అందులో రెండు ఫ్లాట్లు వీళ్లవి. ఈలోగా అద్దె ఇల్లు. బీరువా, మంచాలు, ఇత్తడి బిందెలు, దేవుడి పటాలు అన్నిటికీ ఎక్కడో ఒకచోట చోటు దొరికింది. దొరకనివి రెండే. వెనక రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద పక్కపక్కన నిలబడి ఉన్న మోటార్ సైకిళ్లు.

ఒకటి 1978 నాటి బుల్లెట్ 350. కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు ఉండే పాతకాలం బండి. రెండోది 1986లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్. మైసూరులోని ఐడియల్ జావా కార్ఖానా 1996లో మూతపడక ముందు తయారైనది. కిక్ కొట్టే రాడ్డునే మడిచి గేరు రాడ్డుగా వాడుకోవడం దాని ప్రత్యేకత. బుల్లెట్ నాన్నది. యెజ్డీ బాబాయిది. బాబాయి ఇప్పుడు లేడు.

నాన్నగారికి 71 ఏళ్లు. ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీ విడిభాగాల దుకాణం నడిపారు. యాక్సిళ్లు, బేరింగులు, కమాన్ కట్టలు తప్ప వేరే లోకం తెలియదంటారు ఇంట్లోవాళ్లు. రెండేళ్ల కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. బండి నడపొద్దని డాక్టరేమీ చెప్పలేదు. కానీ బుల్లెట్‌ను కిక్ కొట్టాలంటే ఆ కుడికాలే కావాలి. ఒకరోజు పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి, కాసేపు నిలబడి, బయటికొచ్చి తాళంచెవి హాల్లో మేకుకు తగిలించారు. మళ్లీ దాన్ని తీయలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

కొడుక్కి 41 ఏళ్లు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు బళ్లూ తానే తీసుకెళ్తానన్నాడు. బుల్లెట్‌కు మంచి ధర ఇస్తామని ఇద్దరు ముగ్గురు వచ్చినా తండ్రి ఒప్పుకోలేదు, కొడుకూ ఒప్పుకోలేదు. అంతవరకు ఇద్దరిదీ ఒకటే మాట. 650 కిలోమీటర్లు ఎలా తీసుకెళ్లాలన్న దగ్గరే తేడా వచ్చింది.

ఎక్కి తోలుకుపోవడం అన్నది మొదటి ఆలోచన. ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట, తిరుపతి, చిత్తూరు, కోలారు. దారి మంచిదే. బళ్లే మంచివి కావు. డ్రమ్ము బ్రేకులతో, ముసలి కేబుళ్లతో హైవే మీద లారీల మధ్య ఒక పగలంతా పోవాలి. పైగా యెజ్డీ రోడ్డెక్కి ఎన్నేళ్లయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

రెండో దారి రైలు. పార్సిల్ ఆఫీసు బయట గోనెపట్టాలు, వరిగడ్డి చుట్టి ప్యాక్ చేసేవాళ్లుంటారు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఎక్కడికి పోవాలో అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి కట్టాలి. మనం ఎక్కే రైల్లోనే లగేజీగా వేయొచ్చు, లేదా టిక్కెట్టుతో పనిలేకుండా పార్సిల్‌గా పంపొచ్చు. ఖర్చు తక్కువ. కానీ విజయవాడలో రైలు పుట్టదు, ఆగుతుంది. ఆగిన ఆ కొద్ది నిమిషాల్లో హమాలీలు బ్రేక్‌వ్యాన్‌లోకి ఎత్తి పడేయాలి. "చిన్న బళ్లయితే సరే. ఇది ఎత్తేటప్పుడు ఏది దొరికితే అది పట్టుకుంటారు. మడ్‌గార్డు పట్టుకుంటే మడ్‌గార్డు, సైలెన్సర్ పట్టుకుంటే సైలెన్సర్" అన్నారు నాన్నగారు. రైలు మాట అక్కడితో ఆగింది.

ప్యాకర్లూ మూవర్లూ అన్నది మూడో దారి. ధర చెప్పారు కానీ బళ్లు మధ్యలో ఎక్కడ దిగుతాయో, ఏ గోడౌనులో ఎన్నాళ్లుంటాయో, ఏ సోఫాల మధ్య ఇరుకుతాయో సూటిగా చెప్పలేదు.

అప్పుడు కొడుకు తన మనసులో మాట బయటపెట్టాడు. "ట్రైలర్ కొందాం నాన్నా."

పదేళ్ల కిందట కంపెనీ పని మీద అతను రెండేళ్లు అమెరికాలో, డల్లాస్‌లో ఉన్నాడు. అక్కడ శనివారం వచ్చిందంటే పక్కింటాయన కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించి, దాని మీద రెండు మోటార్ సైకిళ్లు నిలబెట్టి, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఎటో వెళ్లిపోయేవాడు. ఆదివారం సాయంత్రం ఇద్దరూ బురద కొట్టుకుని తిరిగొచ్చేవాళ్లు. ఆ దృశ్యం ఇతని మనసులో నిలిచిపోయింది. ఇప్పుడు తనకూ రెండు బళ్లున్నాయి, లాగడానికి డీజిల్ కారుంది, పదకొండేళ్ల కొడుకూ ఉన్నాడు. ఒక్క ట్రైలరే తక్కువ.

తండ్రి ముఖం మారింది. "ట్రైలరా? ట్రక్కు అను" అన్నారు. కృష్ణా జిల్లాలో ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టిని ట్రక్కనే అంటారు. "ట్రక్కు మన ఇంటికి వద్దు."

ఎందుకని కొడుకు అడిగాడు. జవాబు రాలేదు. ముసలాయన చాదస్తం అనుకుని, తనే కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

ఇద్దరికీ తెలిసిన వెల్డింగ్ మేస్త్రీ ఒకాయన ఆటోనగర్‌లో ఉన్నాడు. టెంట్‌హౌసుల వాళ్లకు జనరేటర్ ట్రాలీలు చేసిపెట్టడం ఆయన పని. కొడుకు తెచ్చిన బొమ్మ చూసి "చేసేద్దాం, ఇందులో ఏముంది" అన్నాడు. ఆ మాట విన్నాక తండ్రి ఊరుకోలేకపోయారు. వద్దన్న వస్తువే అయినా, చేస్తే తప్పుగా చేయకూడదు కదా. కుర్చీ తెప్పించుకుని షెడ్డు ముందు కూర్చున్నారు.

మొదటి లెక్క బరువుది. పాత ఇనుము కొనే కొట్లో కాటా మీద నిలబెడితే రెండు బళ్లూ కలిసి 315 కిలోలు తూగాయి. చానెల్, యాంగిల్, రేకు, యాక్సిల్, చక్రాలు కలిపితే ట్రాలీ ఇంకో 230. మొత్తం 545 కిలోలు. యూరప్ దేశాల్లో 750 కిలోల లోపు ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోయినా ఒప్పుకుంటారని కొడుకు చెప్పాడు. తండ్రి ఆ అంకె విని తల పంకించారు. "ఆపేది కారు బ్రేకులే అన్నమాట. కారుకు తనను తాను ఆపుకోవడమే కాక, వెనక నుంచి తోసుకొచ్చే దాన్నీ ఆపే పని పడుతుంది. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఉంది, గుర్తుందా? వెళ్లేటప్పుడు ఎక్కుతావు, కారు లాగితే చాలు. ఎప్పుడైనా బళ్లేసుకుని తిరిగొచ్చావనుకో, దిగాలి. అప్పుడు ట్రక్కు నీ మాట వినదు."

తర్వాత చక్రాలు. చిన్న చక్రాలైతే తొట్టి కిందికి ఉంటుంది, బండి ఎక్కించడం సులువు. అందుకే కొడుకు చిన్నవే గీశాడు. "చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. బేరింగు వేడెక్కుతుంది. గుంతలో పడితే పైకి రాలేదు" అని తండ్రి కొట్టేసి, కారు చక్రాల సైజు వేయించారు. పంక్చరైతే కారు స్టెప్నీయే దీనికీ పనికొస్తుంది. దారిలో టీకి ఆగినప్పుడల్లా హబ్బు మీద చెయ్యి పెట్టి చూడాలన్నారు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగు పోతున్నట్టే.

తర్వాత తగిలించే హుక్కు. ట్రాక్టర్లకు ఉండే పిన్నూ రింగూ పద్ధతిలో కొంత వదులుంటుంది, కారుకు కుదుపు తప్పదు. కొడుకు ఉక్కు గుండు, దాని మీద కూర్చునే గిన్నె ఉండే రకం తెప్పించాడు. గుండు ఒకచోట, గిన్నె మరోచోట కొన్నాడు. తండ్రి వెర్నియర్ కాలిపర్స్ తెమ్మన్నారు. గుండు సరిగ్గా 50 మిల్లీమీటర్లు. గిన్నె మీద రెండంగుళాలని అచ్చు వేసి ఉంది, అంటే 50.8. "కంటికి రెండూ ఒకటే. కానీ ఇది 0.8 వదులు. నలభై ఏళ్లు నేను అమ్మింది ఈ తేడానే" అన్నారాయన. మేస్త్రీ నవ్వాడు. కొడుకు నవ్వలేదు. ఆ గిన్నె వాపసు పంపేశాడు.

బళ్లు నిలబెట్టే చోటు దగ్గర మరో పాఠం. రెంటిలో బరువైనదాన్ని కుడివైపు పెట్టాలి. మనం ఎడమ పక్కన పోతాం, రోడ్డు ఎడమకు వాలి ఉంటుంది. బరువు కూడా ఎడమకే పెడితే తొట్టి అటే ఒరుగుతుంది. సైడ్ స్టాండ్ మీద, సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టకూడదు, కుదుపులకు స్టాండు వంగిపోతుంది. ముందు చక్రాన్ని అడ్డకర్రలోకి దూర్చి, ఫోర్కులను పట్టి ఉంచే కింది క్లాంపు నుంచి రెండు వైపులా కిందికి లాగి కట్టాలి. హ్యాండిల్‌కు కడితే హ్యాండిల్ వంగుతుంది, కేబుళ్లు నలుగుతాయి. ఫోర్కు సగం దాకా అణగాలి. పూర్తిగా అణిగేలా బిగిస్తే ఆయిల్ సీళ్లు పోతాయి.

ఇన్ని చెప్పిన మనిషి "అయితే ట్రైలర్ చేయిద్దామా?" అంటే మాత్రం మళ్లీ "వద్దు" అన్నారు.

ఆదివారం ఆటోనగర్‌కు సెలవు. వీధులు ఖాళీ. మేస్త్రీ దగ్గర పాత జనరేటర్ ట్రాలీ ఒకటుంది, వెనక హుక్కున్న జీపు ఉంది. కొత్తది చేయించే ముందు దాని మీద ఒకసారి చూద్దామన్నాడు కొడుకు. ఆటోనగర్ దాటి బయటికి తీయకూడదన్న షరతు మీద తండ్రి సరేనన్నారు. బళ్లు ఎక్కించారు. ట్రాలీ ముందు భాగంలో పనిముట్ల పెట్టె అడ్డం ఉంది. అందుకని బళ్లు కాస్త వెనక్కి నిలబడ్డాయి. కొడుకు జీపు నడిపాడు, తండ్రి పక్కన కూర్చున్నారు.

ముప్పైలో బాగుంది. నలభైలో బాగుంది. నలభై ఐదు దాటగానే ట్రాలీ తోక ఊపడం మొదలుపెట్టింది. మొదట కుడికి కొంచెం, తర్వాత ఎడమకు ఇంకొంచెం. అద్దంలో బుల్లెట్ హెడ్‌లైట్ ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి మాయమవుతోంది. కొడుకు కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

"బ్రేకు కొట్టకు! స్టీరింగు తిప్పకు! యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్" అని తండ్రి అరిచారు. జీపు దానంతటదే నెమ్మదించింది. ఊపు తగ్గింది. ఒక మూసి ఉన్న దుకాణం ముందు ఆగారు. కొడుకు చేతులు వణుకుతున్నాయి. 45 కిలోమీటర్ల వేగం. హైవే మీద అయితే 80లో ఉండేవాడు, వెనకో పక్కనో లారీ ఉండేది.

లోపం చిన్నదే. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముందు హుక్కు మీద పడాలి. 545 కిలోల ట్రైలర్ అయితే 55 నుంచి 80 కిలోల మధ్య. బళ్లు వెనక్కి ఉండేసరికి ఆ బరువు పోయింది. ఇంట్లోంచి బరువు తూచుకునే మిషను తెచ్చి హుక్కు కింద పెడితే 12 కిలోలు చూపించింది. మేస్త్రీ పనిముట్ల పెట్టెను ఊడదీశాడు. రెండు బళ్లనూ అడుగుంబావు ముందుకు జరిపారు. ఈసారి 62. తండ్రి మిషను కేసి చూడలేదు. హుక్కును చేత్తో పైకెత్తి చూశారు. "ఒక్కడు ఎత్తగలగాలి. కానీ మూలుగుతూ ఎత్తాలి. ఇప్పుడు సరిపోయింది." మళ్లీ నడిపితే యాభైలో కూడా ట్రాలీ గీత గీసినట్టు వచ్చింది.

కొడుకు ముఖం వెలిగింది. భయం ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగా పోయింది. "చూశావా నాన్నా, సరిగ్గా లోడు చేస్తే ఏమీ కాదు. మంచి ట్రైలర్ చేయిస్తే ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు." మేస్త్రీ రూ.1,10,000 అవుతుందన్నాడు.

"నెంబరు?" అని అడిగారు తండ్రి.

ఆ రాత్రి కొడుకు చట్టం తిరగేశాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. దాని నెంబరు దాని పక్కన ఉండాలి, లాగే బండి నెంబరు దాని మీద కనిపించాలి. వెనక ఎర్రదీపాలు, రిఫ్లెక్టర్లు ఉండాలని 1989 నాటి నిబంధనలు చెబుతాయి. నడిపేవాడి లైసెన్సు సంగతి కాస్త తేలికే. ట్రాక్టర్‌కు ట్రైలర్ తగిలించినంత మాత్రాన డ్రైవర్ లైసెన్సు చెల్లకుండా పోదని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ షెడ్డులో వెల్డింగ్ చేయించిన ట్రైలర్‌కు నెంబరు తెచ్చుకోవడం తేలిక కాదు. నెంబరు లేకపోతే బీమా లేదు. తెలిసిన ఇన్సూరెన్స్ ఏజెంటును అడిగితే, పాలసీలో ట్రైలర్‌ను చూపించకుండా తగిలించుకుని ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం దగ్గర పెద్ద పేచీ తప్పదని చెప్పాడు. కొడుకు కారు మాన్యువల్‌లో ఎంత బరువు లాగొచ్చన్న అంకె ఎక్కడా లేదు.

అయినా అతని మనసు మారలేదు. ఎవరు ఆపుతారు, ఒక్క రోజు పని కదా, తెల్లవారుజామున బయల్దేరితే సాయంత్రానికి బెంగళూరు. మన రోడ్ల మీద నెంబరు లేని ట్రక్కులు ఎన్ని తిరగడం లేదు? ఈ మాట పైకి అన్నాడు కూడా.

మర్నాడు సాయంత్రం తండ్రి కారు తీయమన్నారు. "ఉయ్యూరు దాకా పోయొద్దాం." ఎందుకో చెప్పలేదు. బందరు రోడ్డు ఇప్పుడు నాలుగు వరుసలైంది. కంకిపాడు దాటేసరికి చీకటి పడింది. చెరకు నరికే రోజులు. ఉయ్యూరు దగ్గర పడేకొద్దీ చెరకు ట్రాక్టర్లు కనిపించసాగాయి. తొట్టి దాటి రెండు పక్కలా, వెనకా పొడుచుకొచ్చిన గడలు. కొన్నిటికి వెనక దీపాలున్నాయి. ఒకదానికి మసిపట్టిన రిఫ్లెక్టర్ ఒక్కటే ఉంది. హెడ్‌లైట్ల వెలుగు పడేదాకా అక్కడ బండి ఉన్నట్టే తెలియలేదు.

"ఇక్కడ ఆపు."

రోడ్డు పక్కన ఆపాడు. అక్కడ ఆనవాలు ఏమీ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఉన్న చెట్లూ పోయాయి. తండ్రి కారు దిగకుండానే చెప్పారు. 1991 జనవరి. బాబాయికి 29 ఏళ్లు. బందరులో పెళ్లిసంబంధం చూసుకుని యెజ్డీ మీద తిరిగొస్తున్నాడు. ట్రాక్టర్ నుంచి విడదీసి రోడ్డు మీదే వదిలేసిన చెరకు ట్రక్కు. టైరు పంక్చరైందట. వెనక దీపం లేదు, కనీసం ఒక చెట్టుకొమ్మ కూడా పెట్టలేదు. ట్రక్కుకు నెంబరు లేదు. ఎవరిదో తేలడానికే నాలుగు నెలలు పట్టింది. తేలాక కూడా ఏమీ తేలలేదు.

బాబాయి యాక్సిడెంటులో పోయాడని కొడుక్కి తెలుసు. అప్పుడతనికి ఏడేళ్లు. దేన్ని గుద్దుకున్నాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. తుక్కయిన యెజ్డీని తండ్రి ఏడాది పాటు విడి భాగాలు ఏరి తెచ్చి నిలబెట్టారు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. కానీ పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ మాత్రం తప్పకుండా చేయించారు. ఎక్కని బండికి ఎందుకీ ఖర్చని అమ్మ అడిగితే, "కాగితం పోతే బండి తుక్కు కిందే లెక్క" అనేవారట.

"నీ ట్రక్కు మంచిదే అవుతుందిరా. మేస్త్రీ బాగా చేస్తాడు, నేను పక్కన కూర్చుని చేయిస్తాను. దీపాలు వేస్తావు, రిఫ్లెక్టర్లు వేస్తావు. కానీ నెంబరు లేనిది ఒక్క రోజే కదా అన్నావు చూడు. ఆ ట్రక్కు వాడూ ఒక్క రాత్రే కదా అనుకుని ఉంటాడు."

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇంటికి రాగానే బెంగళూరు నుంచి కోడలి ఫోన్. సంగతేమీ తెలియని ఆమె చాలా మామూలు ప్రశ్న వేసింది. "ఏవండీ, ట్రైలర్ అంటున్నారు సరే. మన అపార్ట్‌మెంట్‌లో మనకున్నవి రెండు పార్కింగులు. ఒకటి కారుకి. రెండోదాంట్లో బళ్లు పెడతారా, ట్రైలర్ పెడతారా?"

కొడుకు చాలాసేపటి తర్వాత నవ్వాడు. ఏడాదిలో 364 రోజులు ఖాళీగా నిలబడే వస్తువు కోసం ఆ రెండు బళ్లనే ఎండలో పెట్టాల్సి వచ్చేది.

డల్లాస్‌లో పక్కింటాయన చేసింది తప్పేమీ కాదు. అక్కడ ట్రైలర్ నెంబరు ప్లేటుతో షాపులో దొరుకుతుంది, ఎంత బరువు మోస్తుందో దాని మీదే రాసి ఉంటుంది, ఇంటి పక్కన నిలపడానికి జాగా ఉంటుంది, నెలకు రెండుసార్లు పని పడుతుంది. అవన్నీ కుదిరినచోట రెండు బళ్లకు ట్రైలర్‌ను మించినది లేదు. ఇక్కడ కావలసింది ఒక్క ప్రయాణం. ఒక్క ప్రయాణానికి అద్దె బండి చాలు.

అద్దె బండిలోనూ ఎంపిక ఉంది. టాటా ఏస్ అయితే చవక. 2005లో వచ్చినప్పటి నుంచి ఊళ్లో ఏ సామానుకైనా అదే దిక్కు. ఉత్తరాదిలో దాన్ని ఛోటా హాథీ అంటారు. మొదట వచ్చిన మోడల్ 750 కిలోలు మోసేది, కాబట్టి బరువుతో చిక్కు లేదు. చిక్కంతా కొలతతో. దాని తొట్టి పొడవు ఏడడుగులకు కాస్త పైన, వెడల్పు ఐదడుగులకు కాస్త తక్కువ. బుల్లెట్ పొడవే ఏడడుగులు. రెండు హ్యాండిళ్లు పక్కపక్కన పట్టవు, ఒకదాన్ని వెనక్కి జరిపితే డాలా మూసుకోదు. "డాలా మూసుకోని బండిలో నా బండి ఎక్కదు" అన్నారు తండ్రి. చివరికి తొమ్మిదడుగుల తొట్టి ఉన్న పికప్ వ్యాను కుదిరింది. తిరుగు ప్రయాణం ఖాళీగా రావాలి కాబట్టి దానికీ కలిపి రూ.26,000. డ్రైవర్ లైసెన్సు చూపించమన్నారు పెద్దాయన. అది కారు లైసెన్సే. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఆ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చిందని కొడుకు చెప్పాక గాని ఆయన ఊరుకోలేదు. పర్మిట్, బీమా కాగితాలు, వెనక దీపాలు మాత్రం తానే చూసుకున్నారు. బ్రేకు తొక్కించి, వెనక నిలబడి, రెండు దీపాలూ వెలిగాయని ఖాయం చేసుకున్నారు.

జనవరి చివరి శుక్రవారం సాయంత్రం బళ్లు ఎక్కించారు. మట్టి గట్టు దగ్గర వ్యాను వెనక్కి పెట్టి పలక వేసి తోస్తే ఇంజను స్టార్ట్ చేయకుండానే ఎక్కాయి. పెట్రోలు ట్యాపులు కట్టేశారు, బ్యాటరీ వైర్లు విప్పారు. కొడుకు కొత్తగా కొన్న బిగింపు పట్టీలు తెచ్చాడు. తండ్రి వాటిని బుల్లెట్‌కు వాడనిచ్చారు. యెజ్డీని మాత్రం తానే కడతానన్నారు, నైలాన్ తాడుతో, లారీ ముడితో. వంగలేని మోకాలితో తొట్టిలో బాసింపట్టు వేయలేక, బోర్లించిన సీసాల డబ్బా మీద కూర్చుని కట్టారు. దాదాపు ముప్పావు గంట పట్టింది. మధ్యలో డ్రైవర్ సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. దిగాక ట్యాంకు మీద చెయ్యి ఒకసారి ఆనించి తీశారు.

"గన్నవరం దాకా కూడా పోనక్కర్లేదు, ఇరవై కిలోమీటర్లకే ఒకసారి ఆపి తాళ్లు చూసుకో. మొదట్లోనే వదులవుతాయి." ఆ దారి గన్నవరం మీదుగా పోదని ఆయనకు తెలుసు. ఆ క్షణంలో మరిచిపోయారు. ఎవరూ సరిదిద్దలేదు. హాల్లో మేకుకు ఉన్న తాళంచెవి తీసుకొచ్చి కొడుకు చేతిలో పెట్టారు.

వ్యాను ముందు, కారు వెనక. గుంటూరు రాకముందే ఒకసారి ఆగి తాళ్లు చూశారు. బుల్లెట్ పట్టీలు అర అంగుళం వదులయ్యాయి, బిగించారు. యెజ్డీ తాడు కదల్లేదు. ఒంగోలు దగ్గర టీ. తెల్లవారుజామున మొగిలి ఘాట్ ఎక్కుతున్నప్పుడు పికప్ వెనక దీపాలు పొగమంచులో ఎర్రగా కనిపిస్తూ పోయాయి. ఉదయం తొమ్మిదిన్నరకు బెంగళూరు అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆగింది.

బుల్లెట్ పది నిమిషాల్లో దిగింది. యెజ్డీ దగ్గరే చిక్కు. ముడి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో అంతుపట్టలేదు. గోళ్లతో పీకాడు, స్క్రూడ్రైవర్ దూర్చాడు. రాలేదు. డ్రైవర్ తొందర పడుతున్నాడు, ఇంకో బేరం ఉంది. వాచ్‌మన్ కత్తి తెచ్చాడు. కొడుకు కత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆగి, ఫోన్ తీసి తండ్రికి వీడియో కాల్ చేశాడు.

అద్దె ఇంట్లో ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్న తండ్రి ముఖం తెర మీద కనిపించింది. కొడుకు ఫోన్‌ను ముడికి దగ్గరగా పెట్టాడు.

"కొయ్యకు" అన్నారాయన. "అది జారుముడి. పైన విడిచిపెట్టిన కొస ఉంటుంది చూడు, చిన్నది. గట్టిగా కాదు. మామూలుగా లాగు."

లాగాడు. తాడంతా ఒక్కసారిగా వదులై చేతిలోకి వచ్చింది.